భారం ఎవరు వేయాలి, ఎవరు మోయాలి?

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రిక ఆధ్యాత్మిక పుటలో శరణాగతిని గురించి వచ్చే వ్యాసాలను చాలా ఏళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో తరచుగా కనిపించే ‘అంతా ఆయనకే వదిలేయండి’ అనే మాట మా ఉద్దానంలో ఒక రోగి ఉన్న ఇంట్లో ఎలా వినబడుతుందో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాల కొబ్బరి, జీడి తోటల నడుమ కిడ్నీ జబ్బు ఎందరిని తీసుకుపోయిందో మీ పాఠకులకు తెలియనిది కాదు. చక్కెర వ్యాధి గాని రక్తపోటు గాని లేనివారికి కూడా ఇక్కడ ఈ జబ్బు వస్తోంది. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, అతిగా వాడే నొప్పి మాత్రలన్నారు, ఒంట్లో నీరు ఇంకిపోయేటంత ఎండలో చేసే పని అన్నారు. ఎన్ని బృందాలు వచ్చి నీళ్లూ రక్తమూ పరీక్షకు పట్టుకువెళ్లినా ఇదీ కారణమని నిశ్చయంగా తేలలేదు. కారణం తెలియని కష్టం వచ్చినప్పుడు మనిషి ముందు తననే తప్పుపట్టుకుంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా తోటలో సగం చెట్లు నేలకూలాయి. మరుసటి ఏడాది నా భార్యకు, కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో పెరిగిందని తెలిసింది. ఆనాడు ఆమె వైద్యుణ్ణి మందుల గురించి అడగలేదు, ఇంటికి వచ్చి ‘నేనేం పాపం చేశాను’ అని నన్ను అడిగింది.

ఇప్పుడు ఆమెకు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. నీళ్లు కొలిచి తాగాలి. పొటాషియం ఎక్కువ కాబట్టి కొబ్బరినీళ్లు పూర్తిగా నిషేధం. పుట్టినప్పటి నుంచి కొబ్బరి చెట్ల కింద బతికిన మనిషికి అది ఎంత కష్టమో వేరే ప్రాంతాల వారికి చెప్పినా అర్థం కాదేమో. రెండేళ్ల కిందట ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, దేవుణ్ణి నమ్మినవారికి యంత్రంతో పనేమిటి, భారం ఆయన మీద వేసి ఇంట్లో కూర్చోమని ఆమెకు హితవు చెప్పారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పారు. ఆమె వరుసగా రెండుసార్లు డయాలసిస్ మానేసింది. మూడో రాత్రి కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చున్న ఆమెను ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి తెల్లవారింది.

అప్పటి నుంచి శరణాగతి అంటే ఏమిటని నేను మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను. మన ఆచార్యులు దానికి ఆరు అంగాలు చెప్పారు. ‘ఆయన కాపాడతాడు’ అనే విశ్వాసం వాటిలో మూడవది. దానికి ముందున్న రెండూ, భగవంతునికి అనుకూలంగా నడుచుకుంటాననే సంకల్పం, ప్రతికూలమైనదాన్ని విడిచిపెట్టడం. ఆ రెండూ మనిషి చేయవలసిన పనులే. ఆయన ఇచ్చిన దేహానికి హాని చేసే అతి ఉప్పునూ అతి నీటినీ మానడం ఈ రెండవ అంగంలోకే వస్తుందని నాకు తోస్తుంది. పండితులు కాదంటే సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. గజేంద్రుడు సైతం మడుగులో దిగగానే చేతులెత్తేయలేదు. వెయ్యేళ్లు పెనుగులాడి, తన బలం చాలదని తెలిసి, పిలవబోయే దేవుడు అసలు ఉన్నాడా అని కూడా సందేహించి, ఆ తరువాత పిలిచాడు. పోతనగారు ఆ సందేహాన్ని దాచకుండా చెప్పడం మా ఇంట్లో మాకెంతో ఊరటనిచ్చింది, ఎందుకంటే నా భార్యకూ కొన్ని రాత్రులు ఆ సందేహం వస్తుంది.

ఆమె ఇప్పటికీ భారం దేవుడి మీదనే వేస్తుంది. మొదట్లో అరసవల్లి సూర్యనారాయణ స్వామి సన్నిధిలో జబ్బు పోవాలని మొక్కుకునేది. ఇప్పుడు ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతిలో సూది ఒక్కసారికే సరిగా దిగాలని, పక్క మంచం మీద ఉన్న కుర్రవాడికి బిడ్డల చదువు పూర్తయ్యేదాకా ఓపిక ఉండాలని కోరుకుంటుంది. ఎన్నేళ్లు బతుకుతాననే లెక్క ఆమె మానేసింది. మాత్రల లెక్క మాత్రం ఎన్నడూ తప్పలేదు.

అయితే భారం దేవుడి మీద వేసే అర్హత కష్టం అనుభవిస్తున్న మనిషిది. రోగుల బాధ్యత తీసుకున్నవారు, యంత్రం పాడైనప్పుడో నీటి సరఫరా ఆగినప్పుడో ‘అంతా దైవాధీనం’ అంటే అది భక్తి కాదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు ఇచ్చే పథకమూ వచ్చింది. ఇవి ఎవరో మనుషులు పూనుకుంటే వచ్చినవి, మనుషులే పూనుకుని నడపవలసినవి.

కాబట్టి మీ ఆధ్యాత్మిక పుటలో రాసే పెద్దలకు నాదొక విన్నపం. శరణాగతిని గురించి రాసినప్పుడెల్లా, మందులూ డయాలసిస్సూ మానవద్దని రోగులకు ఒక్క వాక్యం కలపండి. మా ఊళ్లో పత్రిక ఒకరు బిగ్గరగా చదువుతుంటే పదిమంది వింటారు, ఆ పదిమందిలో కనీసం ఇద్దరు రోగులుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా