కనుమ రోజు ఫోను ఎత్తనందుకు

మైంజ్, 19 జనవరి 2025

అమ్మా,

కోపం తగ్గిందా? "పండగ పూట కూడా ఫోను ఎత్తలేవేటే" అని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మూడోసారికి గానీ అర్థం కాలేదు, అది కోపం కాదు భయం అని. నాకేం కాలేదు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, ఛార్జర్ ఉన్న బ్యాగేమో ఆఫీసు పని మీద వెళ్ళిన ఎగ్జిబిషన్లో కోట్లు పెట్టే గదిలో ఇచ్చేశాను, అంతే. సాయంత్రం ఆరుకి బయటపడేసరికి మీకక్కడ పదిన్నర, మీరు తొమ్మిదికే పడుకుంటారు కదా, లేపితే ఇంకా కంగారు పడతారని ఊరుకున్నాను. చేయాల్సింది, తప్పే. కానీ నేను పండగ మర్చిపోయానని మాత్రం అనకు.

ఫోన్లో చెబుదామంటే సగంలో తమ్ముడు లాక్కుంటాడు, నాన్నేమో రెండు ముక్కలు విని "సరేలే ఉంచు" అంటాడు. అందుకే రాస్తున్నాను. చివర్లో నాన్నకి ఒక సంగతి ఉంది, అది నువ్వే చదివి వినిపించాలి.

వెళ్ళింది హైమ్‌టెక్స్‌టిల్ అని, గుడ్డల ఎగ్జిబిషన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏటా జనవరిలో జరుగుతుంది. కర్టెన్లు, దుప్పట్లు, తివాచీలు, సోఫా గుడ్డలు, ఇంట్లో గుడ్డతో అయ్యేది ఏదైనా సరే. ఈసారి సరిగ్గా సంక్రాంతి రోజున మొదలై 17 దాకా జరిగింది, మా ఆఫీసు నన్ను 15న పంపింది. తేదీలు నా చేతిలో ఉంటాయా చెప్పు.

పొద్దున్నే పులిహోర చేసి డబ్బాలో పట్టుకెళ్ళాను. కనుమ నాడు మినుము కొరకాలని మామ్మ అంటుంది కదా, నువ్వు డిసెంబర్లో పంపిన సున్నుండల్లో ఆఖరి రెండూ కూడా. గేటు ముందు నల్లటి ఇనప మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది, ఏడంతస్తుల ఎత్తు, సుత్తి ఉన్న చెయ్యి నెమ్మదిగా ఎత్తుతూ దించుతూ. దాని ఎదురుగా నిలబడే ఒక సున్నుండ తినేశాను. చలి అడగకు. లోపల ఉన్ని స్వెటర్, పైన కోటు, మెడకి నువ్విచ్చిన పొందూరు కండువా, దాని మీద మఫ్లర్.

పని బాగానే ఉంది. ఒక హోటల్‌కి కర్టెన్లు, కుర్చీల గుడ్డ చూడాలి. ఇక్కడ హోటల్లో కట్టే కర్టెన్‌కి నిప్పంటుకున్నా మంట పాకదని సర్టిఫికెట్ ఉండాలి, బీ1 అంటారు. కుర్చీ గుడ్డనైతే మిషన్ మీద ఉన్ని గుడ్డతో వేలసార్లు రుద్ది ఎప్పుడు చిరుగుతుందో చూస్తారు, మా ఆఫీసులో 40,000 రుద్దుళ్ళకి ఆగని గుడ్డని హోటల్‌కి తీసుకోం. నవంబర్లో నేను బీ1 కాగితం చూడకుండా ఒక గుడ్డ ఖాయం చేసి మాట పడ్డాను, అప్పుడు నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే అది సర్దుకుందనే. టెన్షన్ పడకు.

3,000 పైగా కంపెనీలు వచ్చాయి. ఒక హాలు నుంచి ఇంకో హాలుకి వెళ్ళడానికి కదిలే నడవలు ఉన్నా కాళ్ళు పీకేశాయి. మన దేశం వాళ్ళే వందల్లో ఉన్నారు, పానిపట్టు, కరూరు, భదోహి. ఎక్కడైనా తెలుగు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించుకునే తిరిగాను. కరూరు ఆయన ఒకాయన మాత్రం నా మొహం చూసి "ఆంధ్రావా" అని అడిగి టీ ఇచ్చాడు.

ఫ్రాన్స్‌లో నార్మండీ నుంచి వచ్చిన లినెన్ వాళ్ళ దగ్గర ఒక పెద్దాయన నా కండువా అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. చేత్తో వడికిన నూలని, వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని చెబితే నమ్మలేదు. వీడియో చూపించాను, ఛార్జింగ్ అందులోనే సగం పోయింది. ఆయన వాళ్ళ పద్ధతి చెప్పాడు. లినెన్‌కి నార ఇచ్చే అవిసె మొక్కని వేళ్ళతో సహా పీకి పొలంలోనే పరిచేస్తారట, మంచుకీ వానకీ అది వారాల తరబడి అక్కడే ఊరుతుందట, మధ్యలో తిరగేస్తారు, అంతే. చెరువు అక్కర్లేదు. అది విన్నప్పటినుంచే నా మనసు మన చెరువు గట్టు మీదకి పోయింది.

తర్వాత తివాచీల వైపు వెళ్ళాను. గోడకి ఒక పెద్ద నార తివాచీ వేలాడదీశారు, రంగు వెయ్యలేదు, నార రంగే. దగ్గరికి వెళ్ళగానే వాసన వచ్చింది. అది మన గోగునార కాదు, బెంగాల్ వైపు జనపనార, కానీ మిల్లులో నార మెత్తబడడానికి నూనె, నీళ్ళు కలిపి చల్లుతారు కదా, ఆ వాసన. చిన్నాన్న షిఫ్టు దిగి వచ్చినప్పుడు చొక్కాకి ఉండేదే. నేను అలాగే ముక్కు ఆనించి నిలబడిపోయాను.

ఆ స్టాల్ ఆవిడ వచ్చి ఏమైనా కావాలా అని అడిగింది. మా నాన్న ఇలాంటి నారే పండించేవాడు అని చెప్పాను, ఎందుకు చెప్పానో తెలీదు. ఆవిడ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఎన్ని రోజులు నీళ్ళలో ఉంచుతారు, కొంత నార బంగారంలా ఉండి కొంత ఎందుకు నల్లగా ఉంటుంది, అన్నీ అడిగింది. నాకు అన్నీ తెలుసమ్మా. కట్టలు కట్టి, ఆకు రాలనిచ్చి, చెరువులో పడేసి పైన రాళ్ళు పెట్టడం. పదిహేను ఇరవై రోజులు. మంచి నీళ్ళలో ఊరితే బంగారం రంగు, బురదలో ఊరితే నలుపు. ఒక రోజు ముందు తీస్తే తొక్క వదలదు, రెండు రోజులు ఆలస్యమైతే నార కుళ్ళి తెగుతుంది, నాన్న మొలలోతు నీళ్ళలో దిగి ఒక్క కాడ లాగి గోటితో గీరి "రేపు" అనో "ఎల్లుండి" అనో చెప్పేసేవాడు. ఆ ఏడు చెరువు ఎండి నీళ్ళు చాలక నార నల్లబడిపోయి, దళారి సగం ధరే ఇస్తే, నాన్న అన్నం తినకుండా అరుగు మీద కూర్చున్నది కూడా చెప్పాను. ఆవిడ రాసుకుంది. ఈ దేశం వచ్చి మూడేళ్ళు అమ్మా, ఎప్పుడూ నేనే ఎవరినో ఒకరిని అడిగి రాసుకుంటున్నాను. మొదటిసారి ఒకళ్ళు నన్ను అడిగి రాసుకున్నారు.

ఇక్కడినుంచి నాన్నకి చదువు.

నాన్నా, నేను విశాఖపట్నంలో డిగ్రీ మొదటి ఏడు ఉన్నప్పుడు నువ్వు హాస్టల్‌కి బియ్యం మూట తెచ్చావు గుర్తుందా. కొత్తగా పేనిన గోగుతాడుతో కట్టావు, దానికింకా చెరువు వాసన పోలేదు. గదిలో పిల్లలు ముక్కు మూసుకున్నారు. నువ్వు కాసేపు కూర్చుంటానంటే నాకు క్లాసు ఉందని చెప్పి పంపించేశాను. క్లాసు లేదు నాన్నా. నువ్వు బస్సెక్కాక ఆ తాడు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆ తివాచీ ముందు అదే గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది. క్షమించు. ఏమీ అనక్కర్లేదు, ఫోన్లో కూడా ఆ మాట ఎత్తొద్దు, నీకు తెలియాలి అంతే.

అమ్మా, ఇంకో విషయం. కొత్త గదిలోకి దివాన్ కొన్నాక తాత నులక మంచం పెరట్లోకి పోయిందని తమ్ముడు అన్నాడు. కట్టెలకి వాడతారేమో, వద్దు. నులక కుళ్ళిపోయినా పర్లేదు, చట్రం ఉంటే చాలు, మంచం కోళ్ళకి చెదలు పట్టకుండా వేపనూనె రాయించు. నులక అల్లడం వచ్చినవాళ్ళు మన పేటలో ఎవరైనా మిగిలారా, లేకపోతే రాజాం వైపు ఎవరినైనా అడగమను. నేను మే నెలలో వస్తాను, టికెట్ చూస్తున్నాను, ఈసారి వాయిదా పడదు. పెళ్ళి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం, ఉత్తరంలో వద్దు.

నాన్న బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించు. మంచం పొడవు, వెడల్పు, కోడు ఎత్తు కొలిచి పంపు. జానలతో కాదు, టేపుతో, సెంటీమీటర్లలో.

నీ
పెద్దమ్మాయి