డెంటల్ కాలేజీల ర్యాంకుల్లో కుర్చీల లెక్కేది?

సంపాదకులకు,

గత వారం మీ చదువుల పేజీలో డెంటల్ కాలేజీల ర్యాంకుల పట్టిక వేశారు. సాయంత్రానికల్లా ముగ్గురు తల్లిదండ్రులు నాకు ఫోన్ చేశారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "రెండు చోట్లా సీటొచ్చింది డాక్టరుగారూ, పట్టికలో పైనున్న దాంట్లోనే చేర్పించాలి కదా?" నేను 26 ఏళ్లుగా పళ్ల డాక్టర్ని. మధ్యలో 6 ఏళ్లు ఒక కాలేజీలో పాఠాలూ చెప్పాను. ముగ్గురికీ విడివిడిగా చెప్పేకన్నా మీకే రాస్తే నయమనిపించింది.

అసలు ఆ ర్యాంకు దేన్ని కొలుస్తుంది? క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే, ప్రపంచమంతా చూసే సబ్జెక్టు ర్యాంకులనే తీసుకోండి. ఫలానా సంస్థ గురించి బయటి ప్రొఫెసర్లు ఏమనుకుంటున్నారు, ఉద్యోగాలిచ్చేవాళ్లు ఏమనుకుంటున్నారు, అక్కడి పరిశోధన పత్రాలను మిగతావాళ్లు ఎంతగా ఉదహరిస్తున్నారు... ప్రధానంగా ఇవే కొలమానాలు. పరిశోధన వరకు ఇవి సరైనవే, నేను తప్పు పట్టను. అయితే కొత్తగా క్లినిక్‌లో అడుగుపెట్టిన పిల్ల మొదటిసారి బతికున్న మనిషి నోట్లో అద్దం పెట్టేటప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉంటారన్నది ఈ లెక్కల్లో ఎక్కడా రాదు. డిగ్రీ చేతికొచ్చేలోగా ఆ పిల్ల ఎన్ని పళ్లకు తన చేత్తో ఫిల్లింగ్ చేసిందన్నదీ రాదు.

మా చదువు సగం చేతిపని. ఎంబీబీఎస్ లాంటి చదువు పూర్తిచేసినవాళ్లలో చాలామంది ఆ తర్వాత కూడా కొన్నేళ్లు సీనియర్ల కింద పనిచేస్తారు. డెంటల్‌లో అలా కాదు. చాలాచోట్ల డిగ్రీ వచ్చిన కొద్ది రోజులకే ఒంటరిగా, తలుపు వేసిన గదిలో, పక్కన అడగడానికి ఎవరూ లేకుండా పన్ను మీద డ్రిల్ పెట్టాల్సి వస్తుంది.

పై దవడలో చివరి పన్నుకు క్యాప్ వేయడానికి ఆ పన్నును అరగదీయాలనుకోండి. అది నేరుగా కనపడదు, అద్దంలో చూస్తూ చెయ్యాలి. అద్దంలో ముందు వెనకలు తారుమారవుతాయి. డ్రిల్ నీళ్లు అద్దం మీదే చిమ్ముతాయి. నాలుకా బుగ్గా ఊరుకోవు. నమిలే వైపు సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు తియ్యాలి. తక్కువ తీస్తే క్యాప్ ఎత్తుగా కూర్చుంటుంది, లేదా పల్చనై విరుగుతుంది. ఇంకో అర మిల్లీమీటరు లోపలికి పోయామంటే నరానికి దగ్గరవుతాం. ఇదంతా ముందు ఫాంటమ్ హెడ్ అనే బొమ్మ తల మీద, ప్లాస్టిక్ పళ్లతో నేర్పిస్తారు. మంచిదే. కానీ ఆ బొమ్మ తలకు ఉమ్మి ఊరదు, భయం వెయ్యదు, మధ్యలో మన చెయ్యి పట్టుకుని "ఆగండి, ఆగండి" అనదు. ఆ ధైర్యం మనుషుల నోళ్లలో పనిచేస్తేనే వస్తుంది, అదీ పదుల సంఖ్యలో.

ఇక మనకు నప్పే కాలేజీ అంటే ఏమిటో నా సంగతే చెబుతాను. నాది ఎడమచేతి వాటం. నేను చేరింది అప్పట్లో అందరూ గొప్పగా చెప్పుకునే కాలేజీ, పేరెందుకులెండి. అక్కడి కుర్చీలన్నీ కుడిచేతివాళ్ల కోసం బిగించినవి. పేషెంటు ముఖాన్ని గడియారం అనుకుంటే కుడిచేతివాళ్లు 7 నుంచి 12 గంటల మధ్య కూర్చుంటారు. నేను 12 నుంచి 5 మధ్య కూర్చోవాలి. అక్కడేమో ఉమ్మే గిన్నె ఉండేది. ఎయిరోటర్ (పన్ను అరగదీసే డ్రిల్) ట్యూబును అవతలి వైపు నుంచి పేషెంటు ఛాతీ మీదుగా లాక్కుని పని చేసేవాణ్ని. ఒక పెద్దాయనైతే అది చొక్కా గుండీలకు చిక్కుకోకుండా చికిత్స అయ్యేదాకా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని పడుకున్నాడు, పాపం. ఏడాది తిరిగేసరికి భుజం నొప్పి పట్టుకుంది. స్టాఫ్‌కి చెబితే "కుడిచేత్తో అలవాటు చేసుకో" అన్నారు.

అదే ఏడాది ఏ పట్టికలోనూ కనపడని కాలేజీలో చేరిన నా స్నేహితుడిదీ ఎడమచేతి వాటమే. వాళ్ల క్లినిక్‌లో ఓ మూల రెండు వైపులకూ మార్చుకోగలిగే కుర్చీ ఒకటుండేది. పోస్టింగులు వేసేటప్పుడే దాన్ని వాడి పేరు మీద రాసేసేవారు. ఒక్కటంటే ఒక్క కుర్చీ! కానీ ఫలానా కుర్రాడికి అది కావాలని ప్రతిసారీ గుర్తుంచుకున్న మనిషి అక్కడ ఉన్నాడు. నా భుజం ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ సంగతి గుర్తు చేస్తుంది.

అందరిదీ ఎడమచెయ్యి కాదనుకోండి. ఒకరికి చిన్న బ్యాచ్ అయితేనే నోరు పెగులుతుంది. ఇంకొకరు పేషెంటు ముందు తిట్టే మాస్టారి దగ్గర చెయ్యి వణికి ఏమీ నేర్చుకోలేరు. అలా వణికిన పిల్లలు చదువులో వెనకబడినవాళ్లేమీ కాదు, వాళ్లను నేను దగ్గర్నుంచి చూశాను. అప్పు సంగతి కూడా చూసుకోవాలి. గొప్ప పేరు కోసం మోయలేని అప్పు చేసి చదివితే, ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న ప్రతి పేషెంటు పన్నూ అప్పు వాయిదాలాగే కనపడే ప్రమాదముంది. ఈ మాట మా వృత్తిలో పైకి ఎవరూ అనరు.

పెద్ద పేరున్న చోట్ల ఇంకో చిక్కు. పీజీలు ఎక్కువగా ఉంటే కష్టమైన కేసులన్నీ వాళ్లకు పోతాయి. డిగ్రీ పిల్లలు ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పట్టుకుని పక్కన నిలబడతారు. నేను పాఠాలు చెప్పిన చోట మధ్యాహ్నం క్లినిక్‌లో ప్రతి మెట్టుకూ స్టాఫ్ సంతకం కావాలి. పిప్పి తీసి నోరు తెరిపించి ఉంచిన పేషెంటును కుర్చీలోనే వదిలి, ఫైలు పట్టుకుని నా ముందు పదిమంది లైన్లో నిలబడేవారు. నేను లేచి ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్లి చూడాలి. చాలా రోజులు వెళ్లలేదు, ఫైలు చూసి సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాది కూడా.

పేరుకు విలువే లేదని నేననను. పరిశోధనలోకి పోవాలనుకునేవాళ్లకు, అరుదైన జబ్బులు చూడాలనుకునేవాళ్లకు పెద్ద సంస్థే దారి. అక్కడి ల్యాబులు, గైడ్లు, పరిచయాలు వేరేచోట దొరకవు. క్లినిక్ పెట్టుకుని జీవితమంతా పళ్లు బాగు చేయాలనుకునే పిల్లలకు కూడా అదే పట్టిక ఇచ్చి ఎంచుకోమనడం దగ్గరే నాకు పేచీ.

కాలేజీల మంచిచెడ్డలు వెళ్లి చూసి రాయడం కొత్తేమీ కాదు. విలియం గీస్ అనే బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ అమెరికా, కెనడాల్లోని డెంటల్ కాలేజీలన్నీ తిరిగి చూసి, 1926లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున నివేదిక రాశాడు. ఆయన పళ్ల డాక్టరు కూడా కాదు. అయినా ఆ నివేదిక అక్కడి దంత వైద్య విద్య రూపురేఖలే మార్చేసింది.

మీ పత్రిక అంత పని చెయ్యక్కర్లేదు. ర్యాంకు పక్కన ఇంకో రెండు మూడు గడులు వేసి, ఆ వివరాలు కాలేజీలనే అడగండి. పనిచేసే కుర్చీలు ఎన్ని, ఒక్కో విద్యార్థి సగటున ఎన్ని చికిత్సలు సొంతంగా పూర్తిచేస్తున్నాడు, క్లినిక్‌లో ఎంతమంది పిల్లలకు ఒక టీచరు. ఇవ్వని కాలేజీల గడి ఖాళీగా వదిలెయ్యండి, చదివేవాళ్లకు అర్థమవుతుంది. నియంత్రణ సంస్థలు ఈ లెక్కల్ని బయటపెట్టడం తప్పనిసరి చేస్తే ఇంకా మేలు. అయితే ఒక జాగ్రత్త. ఉత్త సంఖ్యే చూస్తే కోటా పూర్తి చేయాలన్న టెన్షన్‌లో పిల్లలకు పేషెంటు కనపడడు, 'ఇంకో రెండు ఎక్స్‌ట్రాక్షన్లు' (పీకాల్సిన పళ్లు) కనపడతాయి. పని పూర్తయ్యాక పక్కనుండి సరిచూసినది ఎవరన్నదీ అడగాలి.

ఫోన్ చేసిన ముగ్గురికీ నేను చెప్పింది ఇంతే: పనిదినం చూసుకుని మధ్యాహ్నం పూట రెండు క్లినిక్‌లకూ వెళ్లండి, ఫైనలియర్ పిల్లల్ని పక్కకు పిలిచి అడగండి. ఒకావిడ నిన్న మళ్లీ ఫోన్ చేశారు. పట్టికలో పైనున్న కాలేజీలో ఆడిటోరియమూ లైబ్రరీ చూపించారట, క్లినిక్‌లోకి మాత్రం రానివ్వలేదట. రెండోదాంట్లో ఫైనలియర్ అమ్మాయి తాను చేసిన రూట్ కెనాల్స్ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిందట, అందులో ఒకటి చెడిపోయి మళ్లీ చేయాల్సి వచ్చిందని కూడా. ఇంట్లో ఇంకా తేల్చుకోలేదు, వాళ్లాయనకు పేరున్న కాలేజీ మీదే మనసుంది. ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరు. ఆలోగా ఈ ఉత్తరం మీ పేజీలో పడితే మిగతా ఇద్దరూ చూస్తారు.

ఇట్లు,
ఒక దంత వైద్యుడు