ఆటల పీరియడ్, ఒక కొరియన్ సీరియల్

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. సీరియళ్ళు చూసే అలవాటు నాకు లేదు. మొన్న వేసవి సెలవులకి వచ్చిన మా మనవరాలు "అమ్మమ్మా, ఇది నీ సబ్జెక్టే, చూడు" అంటూ ఒక కొరియన్ సీరియల్ పెట్టింది. పేరు 'ట్వంటీ ఫైవ్ ట్వంటీ వన్'. 2022లో అక్కడి టీవీఎన్ ఛానల్‌లో వచ్చింది, మనకి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. 16 ఎపిసోడ్లూ చూశాను. మొదటి సగం చూస్తున్నంతసేపూ సంతోషంగా ఉంది. రెండో సగానికి వచ్చేసరికి మనసు కష్టపెట్టుకున్నాను. ఈ సీరియళ్ళు ఇప్పుడు మన ఇళ్ళలో పిల్లలందరూ చూస్తున్నారు. పైగా ఇది ఆటలాడే ఆడపిల్ల కథ. అందుకే రాస్తున్నాను.

కథ 1998లో సియోల్‌లో మొదలవుతుంది. అంతకు ముందు నవంబరులోనే దక్షిణ కొరియా అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గర చెయ్యి చాచింది. కంపెనీలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. దేశం అప్పు తీర్చడానికి జనం పెళ్ళి ఉంగరాలతో సహా తమ ఇళ్ళలోని బంగారం తెచ్చి ఇస్తే దాదాపు 227 టన్నులు పోగైందంటే ఆ కష్టం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ దెబ్బ నా హీడో అనే అమ్మాయి చదివే స్కూలుకీ తగిలింది. డబ్బుల్లేవని ఫెన్సింగ్ (కత్తిసాము లాంటి ఆట) టీమ్ ఎత్తేశారు. ఆ పిల్ల వెళ్ళి అడిగితే, నీ ఆట లాక్కున్నది నేను కాదు, ఈ రోజులు అంటాడు కోచ్.

అక్కడ టీవీ ఆపమన్నాను. ఎందుకంటే ఆ మాట నేనూ అన్నాను. ఒక ఏడాది టెన్త్ రిజల్ట్ తగ్గిందని మా బళ్ళో సాయంత్రం ఆటలు తీసేసి స్టడీ అవర్లు పెట్టారు. ఖోఖో పిల్లలు పన్నెండు మంది గ్రౌండ్ చివర నిలబడి నా వైపు చూస్తున్నారు. "నా చేతుల్లో ఏం లేదమ్మా" అని చెప్పి, వాళ్ళ కళ్ళ ముందే రెండు పోల్సూ పీకించి స్టోర్ రూమ్‌లో పెట్టించాను. ఒక పిల్ల మాత్రం పోల్ తీసిన గుంతలో మట్టి పోసి, కాలితో తొక్కి, చదును చేసి మరీ వెళ్ళింది. ఎవరూ కాలు జారి పడకూడదని కాబోలు. ఆ పిల్ల ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది.

హీడో ఊరుకోలేదు. కో యూరిమ్ అనే పెద్ద క్రీడాకారిణి చదివే స్కూల్లో టీమ్ ఇంకా ఉందని, ఎలాగైనా అక్కడికి మారాలని, తనని ఈ స్కూల్లోంచి పంపించేస్తే చాలని లేనిపోని గొడవలకి పోతుంది. చివరికి అమ్మని బతిమాలుకుని చేరుతుంది. ఈ పిల్ల చిన్నప్పుడు బాగా ఆడి, తర్వాత వెనకబడిపోయింది. ఓడీ ఓడీ దానికి అలవాటు పడింది. కానీ ఓడిన మర్నాడు కూడా కత్తి పట్టుకోవాలనిపిస్తుంది చూడండి, ఆ కోరికని ఈ సీరియల్ చూపించినంత బాగా నేను ఇంకెక్కడా చూడలేదు. హీడోగా వేసిన కిమ్ టేరి నటన గురించి చెప్పనక్కర్లేదు. వానలో గొడుగే కత్తి అనుకుని దూకే పిల్లని చూస్తే, ఖాళీ వరండాలో ఒంటరిగా డైవ్ ప్రాక్టీస్ చేసుకునే మా పిల్లలే కనిపించారు.

ఆట గురించి కూడా శ్రద్ధగా తీశారు. వీళ్ళు ఆడేది సేబర్ అనే రకం ఫెన్సింగ్. నడుము పైభాగంలో తగిలితేనే పాయింటు, 15 పాయింట్లకి ఆట అయిపోతుంది. ఇద్దరూ ఒకేసారి తాకితే రెండు లైట్లూ వెలుగుతాయి, అప్పుడు దాడి ముందు ఎవరు మొదలుపెట్టారో రిఫరీ చూసి చెప్పాలి. ఈ నియమం మీదే కథలో పెద్ద మలుపు ఉంది. యూరిమ్‌తో ఆడిన ఫైనల్లో చివరి పాయింట్ హీడోకి వచ్చింది, పతకం దొంగిలించిందని దేశమంతా ఆ పిల్ల మీద పడింది. ఆటలో రిఫరీ మాట అంటే ఏమిటో పిల్లలకి ఇంత వివరంగా చెప్పిన కథ అరుదు. అదే సేబర్‌లో మన చెన్నై అమ్మాయి భవానీ దేవి వెదురు కర్రలతో సాధన మొదలుపెట్టి, ఫెన్సింగ్‌లో ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయురాలైంది. సీరియల్ చూసిన మా మనవరాలికి ఆ పేరు తెలియదు. నేనే చెప్పాను.

ఇంకో చిన్న పాత్ర యేజీ. ఆట మానేసి కేకులు చేయడం నేర్చుకుంటానంటుంది. కోచ్ యాంగ్ చాన్‌మీ వద్దనదు. ఒక్క పోటీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళు, తర్వాత మానెయ్ అంటుంది. ఆ పిల్ల వెళ్తుంది, మానేస్తుంది కూడా. మానడానికి కూడా పిల్లని అంత గౌరవంగా పంపించొచ్చని నాకు సర్వీసులో ఉండగా తట్టలేదు.

ఇక నా బాధ. ఆ ఫైనల్ తర్వాత ఆట పక్కకి పోతుంది. యూరిమ్ ఇంటి అప్పుల కోసం రష్యాకి ఆడడానికి వెళ్ళడం, జనం ద్రోహి అనడం, ఆ భాగం మాత్రం గట్టిగా ఉంది. కొరియాకే చెందిన స్కేటర్ ఆన్ హ్యున్‌సూ నిజంగానే రష్యా పౌరుడై 2014లో సోచి ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచాడు. కాబట్టి ఇది ఊరికే అల్లిన కథ కాదు. మిగతాదంతా హీడో, రిపోర్టర్ బేక్ యిజిన్‌ల ప్రేమ, అతని ఉద్యోగం, ఎడబాటు. పదేళ్ళ ఆటని ఒక రిటైర్మెంట్ ప్రెస్ మీట్‌తో సరిపెట్టారు. వాళ్ళిద్దరూ కలవలేదని మా మనవరాలు ఏడ్చింది. నాకు దానికి బాధ లేదు, ఆ వయసు ప్రేమలు చాలావరకు అలాగే అవుతాయి. ఉదయం నాలుగింటికి లేచి చెమటలు కక్కిన పిల్ల ఆ తర్వాత ఎలా ఆడిందో చూపించలేదనే నా బాధ.

ఇంకొకటి చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కథ మొదట్లో ఆ పిల్లకి పద్దెనిమిది, స్కూల్లో ఉంది. అతనికి ఇరవై రెండు. పైగా తను వార్తలు రాసే క్రీడాకారిణినే ప్రేమిస్తాడు. మర్యాదగానే చూపించారు, అతను మంచివాడే. కానీ నేను ఎన్ని ఇళ్ళ గుమ్మాల ముందు నిలబడి పిల్లని టోర్నమెంటుకి పంపమని అడిగానో! "ఆటలకి పంపితే ఏమవుతుందో మాకు తెలుసు మేడమ్" అనేవాళ్ళు తండ్రులు. ఒకాయన జిల్లా సెలెక్షన్ల మధ్యలోంచే కూతుర్ని టీవీఎస్ ఎక్కించుకుని తీసుకెళ్ళిపోయాడు. నంబరు కాగితం పిన్నులతో సహా ఆ పిల్ల వీపునే ఉండిపోయింది. అలాంటి తండ్రి ఈ సీరియల్ చూస్తే ఆయన భయానికే బలం వస్తుంది. అంతకన్నా, ఆడపిల్ల ఆట కథ ప్రేమతో తప్ప నడవదని తీసేవాళ్ళు అనుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అయినా పిల్లలని చూడొద్దనను. పెద్దలూ పక్కన కూర్చుని మొదటి ఎనిమిది ఎపిసోడ్లయినా చూడండి. మీ పత్రికకి నాదొక్కటే విన్నపం. బడులు తెరిచాక మీ విలేకరులు ఏ హైస్కూలుకైనా వెళ్ళి, టైమ్ టేబుల్‌లో ఆటల పీరియడ్ ఏ రోజు ఏ గంటకి ఉందో చూసి, సరిగ్గా ఆ గంటకే గ్రౌండ్ దగ్గర నిలబడమనండి. అక్కడ పిల్లలు ఉన్నారో, లోపల లెక్కలు చేస్తున్నారో ఫోటోతో సహా వెయ్యండి. జోనల్ పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి వచ్చిన టీమ్ ఫోటో కూడా ఎప్పుడైనా ఒకసారి వెయ్యండి.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
తెనాలి