మార్కుల గురించి అడిగారు, తమ్ముడి గురించి అడగలేదు

సంపాదకుడు గారికి,

నమస్కారాలు.

జె.డి. శాలింజర్ 1951లో వెలువరించిన ‘ది కాచర్ ఇన్ ద రై’ నవల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చదువరుల్లో చాలామంది ఒకటే మాట అంటారు: కథ చెప్పే హోల్డెన్ కాల్‌ఫీల్డ్ కలిగిన ఇంటి బిడ్డ, నోటి దురుసు ఎక్కువ, చదువు ఒంటబట్టక న్యూయార్క్ వీధుల్లో తిరుగుతూ కనబడిన వాళ్లనల్లా తిట్టుకునే ఆకతాయి, అలాంటి పుస్తకం పిల్లల చేతికి ఇవ్వకూడదు. అమెరికాలోనూ ఈ అభ్యంతరం పాతదే. 1960లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పదకొండో తరగతికి దాన్ని పాఠంగా పెట్టిన టీచరును ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పీలు చేసుకుంటే ఉద్యోగం తిరిగి వచ్చింది కానీ, ఆ బడిలో పుస్తకం మాత్రం కొనసాగలేదు. పిల్లలు దాన్ని చదవాలా వద్దా అన్న వాదులాటలో పడి, పెద్దవాళ్లు చదవవలసిన పుస్తకమన్న సంగతి మరిచిపోతున్నామని నా బాధ. ముఖ్యంగా మన జూనియర్ కాలేజీల అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్లు, కౌన్సెలర్లు దాన్ని తప్పకుండా చదవాలి.

హోల్డెన్‌కు రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు అల్లీ 1946 జులైలో లుకేమియాతో చనిపోయాడు. అప్పటికి హోల్డెన్ వయసు పదమూడు. ఆ రాత్రి గ్యారేజీలో పడుకుని, ఒట్టి పిడికిలితో కిటికీ అద్దాలన్నీ పగలగొట్టుకున్నాడు. చెయ్యి చితికి ఆసుపత్రిలో ఉండటం వల్ల తమ్ముడి అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాడు. బేస్‌బాల్ ఆడేటప్పుడు బంతి రాని వేళ చదువుకోవడానికి అల్లీ తన తోలు గ్లోవ్ నిండా ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసుకునేవాడు. ఆ గ్లోవ్‌ను హోల్డెన్ ఏ బడికి వెళ్లినా పెట్టెలో వెంట తీసుకువెళతాడు. నవల మొత్తానికీ ఇదే మూలం. ఆ దుఃఖాన్ని పక్కనపెట్టి చదివితే మిగిలేది తిట్లు, సిగరెట్లు, ఫెయిలైన సబ్జెక్టులు మాత్రమే. అతని చుట్టూ ఉన్న పెద్దవాళ్లు సరిగ్గా అలాగే చదివారు.

బడి నుంచి తీసివేశాక హోల్డెన్ వెళ్లిపోయే ముందు, జ్వరంతో మంచం పట్టిన చరిత్ర మాస్టారు స్పెన్సర్‌ను చూసి రావడానికి వెళతాడు. ఆ మాస్టారు దుర్మార్గుడు కాడు, అబ్బాయి మీద నిజంగానే ప్రేమ ఉన్నవాడు. అయినా ఆయన చేసిన పని, ఈజిప్షియన్ల మీద హోల్డెన్ నాసిగా రాసిన జవాబు పత్రాన్ని బయటికి తీసి, అతని ఎదుటే పైకి చదవడం. నన్ను ఫెయిల్ చేసినా ఫరవాలేదు మాస్టారూ అని పత్రం చివర అబ్బాయి రాసుకున్న నాలుగు ముక్కలను కూడా ఆయన వదలలేదు. ఇక చివరి అధ్యాయంలో, ఆరోగ్యం చెడి కాలిఫోర్నియాలో చికిత్సకు చేరాక, అక్కడి మానసిక వైద్యుడు మాటిమాటికీ అడిగేదేమిటంటే, సెప్టెంబరులో బడికి వెళ్లాక మనసు పెట్టి చదువుతావా అని! వైద్యుడి చెంతకు చేరినా చదువు ప్రశ్న ఆ పిల్లవాణ్ని వదలలేదు.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక జూనియర్ కాలేజీలో, సెలవుల్లో తల్లిని పోగొట్టుకుని హాస్టలుకు తిరిగి వచ్చిన ఒక అబ్బాయిని వారాంతపు పరీక్షల్లో మార్కులు పడిపోయాయన్న కారణంతో కింది సెక్షనుకు మార్చారు. తండ్రిని పిలిపించి మాట్లాడినంతసేపూ బల్ల మీద మార్కుల షీటే ఉంది. తల్లికి కర్మ చేసి గుండు చేయించుకున్న ఆ పిల్లవాడికి ఇంకా వెంట్రుకలైనా సరిగా రాలేదు. ఆ గదిలో ఉన్న ఎవరికీ దాని గురించి ఒక్క మాట అడగాలనిపించలేదు.

ఈ విషయం ఇప్పుడు ఎందుకంటే, విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఉండాలి, మార్కులను బట్టి పిల్లలను వీలైనంతవరకు బ్యాచీలుగా విడదీయకూడదు, సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. అదే తీర్పులో ఉదహరించిన జాతీయ నేర గణాంకాల ప్రకారం, 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది కాగా, పరీక్ష తప్పడమే కారణంగా నమోదైనవి 2,248. అంటే ఎక్కువమంది విషయంలో మార్కుల షీటు చూసి తెలుసుకోగలిగింది ఏమీ లేదు.

కౌన్సెలరు గది తెరిచినంత మాత్రాన తీర్పు అమలైనట్టు కాదు. ఆ గదిలో కూర్చున్నవారు కూడా ఈసారి బాగా చదువుతావా అనే అడిగితే ఆ గది ఉన్నా లేనట్టే. అందుకే ఏటా జరపవలసిన ఆ శిక్షణల్లో, ఉపన్యాసాలు కొంత తగ్గించి అయినా సరే, ఈ నవలలోని రెండో అధ్యాయాన్నీ ఇరవై అయిదో అధ్యాయాన్నీ చదివి చర్చించాలని రెండు రాష్ట్రాల ఇంటర్మీడియెట్ బోర్డులనూ కోరుతున్నాను. రెండోది స్పెన్సర్ ఘట్టం. ఇరవై అయిదోదానిలో ఫిఫ్త్ అవెన్యూ మీద నడుస్తున్న హోల్డెన్‌కు ప్రతి వీధి చివరా అవతలి వైపుకు చేరలేనేమో, మధ్యలోనే మాయమైపోతానేమో అన్న భయం పట్టుకుంటుంది. ఒళ్లంతా చెమటలు పడుతుంటే, నన్ను మాయం కానివ్వకు అని చనిపోయిన తమ్ముణ్ని బతిమాలుకుంటాడు, అవతలికి చేరగానే అతనికే కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. దారిన పోయేవాళ్లకు అతనొక మామూలు కుర్రవాడు. క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న పిల్లవాడూ మనకు అలాగే కనబడతాడు.

మరొక మనవి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైను నంబరు 14416ను హాస్టళ్లలోనూ తరగతి గదుల్లోనూ అందరికీ కనబడేలా రాయాలని కోర్టు చెప్పింది. కానీ మన రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, వార్డెన్ ఫోను కోసం వరసలో నిలబడాలి, మాట్లాడుతుంటే వెనకాల నలుగురు వింటూ ఉంటారు. న్యూయార్క్‌లో రైలు దిగిన హోల్డెన్ టెలిఫోను బూత్‌లో దూరి, ఎవరికి చేయాలా అని ఇరవై నిమిషాల పాటు ఆలోచించి, ఎవరికీ చేయకుండానే బయటికి వస్తాడు. అతనికి కనీసం తలుపున్న బూత్ అయినా దొరికింది. ఎవరి అనుమతీ అడగకుండా, తలుపు వేసుకుని మాట్లాడుకోగల ఫోను ఒకటి ప్రతి హాస్టల్లోనూ ఏర్పాటు చేయాలనీ, గుర్తింపు పునరుద్ధరణ తనిఖీకి వచ్చే అధికారులు లేబొరేటరీలను చూసినట్టే దాన్ని కూడా చూసి నమోదు చేసుకోవాలనీ ప్రభుత్వాలకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు,
తెనాలి