కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి గారికి ఒక రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. ఒకే ప్రాంతంలో, ఒకే తీగల మీద, పలు సంస్థలు కరెంటు అమ్ముకునేందుకు దారి తెరిచే సవరణ బిల్లును 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన నాటి నుంచి నన్ను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే: గాలివానకు ఒరిగిన స్తంభాన్ని రేపు ఎవరు నిలబెడతారు?

మా పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులమే తలా కొంత వేసుకుని, దాన్ని ట్రాక్టరుకెక్కించి మరమ్మతు షెడ్డుకు తీసుకెళతాం. అది తిరిగొచ్చేలోగా వరి మడి నెర్రెలు విచ్చుతుంది. ఆ మడి కోసం పోటీపడి వచ్చే ప్రైవేటు సంస్థ ఏది? పరిశ్రమలనూ, పట్టణాల్లోని పెద్ద వినియోగదారులనూ కొత్తవారు ఏరుకుపోతే, వారు కట్టే ఎక్కువ చార్జీల మీద నిలబడిన మా రాయితీ భారం ప్రభుత్వ డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) నెత్తినే మిగులుతుంది. అందుకోసం ఒక నిధి పెడతామని ఆ బిల్లులో రాసిన మాట నిజమే కానీ, ప్రభుత్వ బకాయిలు ఎంత ఆలస్యంగా అందుతాయో డిస్కంలకు తెలియనిది కాదు.

పొరుగున ఒడిశా 1999లో పంపిణీని ప్రైవేటుపరం చేసింది. ఆ అక్టోబరులోనే పెనుతుపాను లైన్లను నేలకూల్చగా, మధ్య ఒడిశా బాధ్యత తీసుకున్న అమెరికా సంస్థ ఏఈఎస్ 2001లో వదిలి వెళ్లిపోయింది. మిగిలిన మూడు కంపెనీల లైసెన్సులను 2015లో ఆ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ రద్దు చేసింది. మన తెలుగువారు ఎందరో స్థిరపడిన, సంస్థలు పోటీపడి కరెంటు అమ్మే అమెరికాలోని టెక్సస్‌లోనూ, 2021 ఫిబ్రవరి మంచుతుపానులో కరెంటు టోకు ధర మెగావాట్ అవరుకు (వెయ్యి యూనిట్లకు) 9,000 డాలర్లకు చేరినా, లక్షల ఇళ్లు చీకట్లోనే గడ్డకట్టాయి.

కాబట్టి లైసెన్సు కోరే ప్రతి సంస్థా పల్లె ఫీడర్లను (ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్లను) కూడా తీసుకోవాలనీ, మరమ్మతుకు గడువు తప్పితే రైతుకు పరిహారం చెల్లించాలనీ చట్టంలోనే రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వ్యవసాయ విద్యుత్ వినియోగదారుడు