నేనెక్కిన రైలు దగ్గరికి నువ్వు వెళ్తున్నావు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. అమ్మా నేనూ కులాసాగా ఉన్నాము.

పోయిన ఆదివారం ఫోనులో నువ్వడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "పాత రైలు పెట్టెల్ని తీసుకెళ్లి సముద్రంలో తోసేసి, దానికి రీఫ్, అంటే చేపల దిబ్బ, అని పేరు పెట్టినంత మాత్రాన అది చెత్త పారబోయడం కాకుండా పోతుందా నాన్నా?" అన్నావు. వచ్చే నెలలో నువ్వు అమెరికా తూర్పున ఉన్న డెలావేర్ రాష్ట్రపు తీరం నుంచి పడవలో వెళ్లి, ఆ పెట్టెల మధ్యనే నీళ్లలో దిగి చేపలను లెక్కపెట్టబోతున్నావు కనుక, ఈ ప్రశ్న నీకు కాలక్షేపపు చర్చ కాదని నాకు తెలుసు. నాకూ కాదు. ఆ పెట్టెల్లో నేను ఏడేళ్లు తిరిగాను.

1996లో నేను న్యూయార్క్ వచ్చి ఫ్లషింగ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నప్పుడు, ఆ ఊరి నుంచి మన్‌హట్టన్‌కు నడిచే 7వ నంబరు సబ్‌వే (నగర మెట్రో) రైళ్లు ఎర్రటివి. జనం వాటిని రెడ్‌బర్డ్స్ అనేవారు. 1959కీ 1964కీ మధ్య తయారైన పెట్టెలవి. మా 7వ నంబరు దారిలో నడిచినవైతే, 1964లో ఫ్లషింగ్ మెడోస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం లేత నీలం, తెలుపు రంగులతో కొత్తగా వచ్చినవట. తరువాతి కాలంలో గోడ రాతలతో రైళ్లన్నీ నిండిపోతూ ఉంటే, 1980లలో వాటికి ముదురు ఎరుపు రంగు పూశారు. ఆ దారిలో రైలుకు పదకొండు పెట్టెలు. అందులో పదింటికి ఏసీ ఉండేది, జతలేని ఒక్క పెట్టెకు మాత్రం పంకాలే ఉండేవి. నేను వచ్చిన మొదటి జూలైలో, ప్లాట్‌ఫారం నిండా జనం కిక్కిరిసి ఉండగా ఒక పెట్టె మాత్రం దాదాపు ఖాళీగా వచ్చి నా ముందే ఆగితే, అదృష్టమనుకుని పరుగున ఎక్కాను. తలుపులు మూసుకున్నాక అర్థమైంది. లోపల పొయ్యి మీద పెట్టిన డేగిసాలో ఉన్నట్టు ఉంది. పైన తిరిగే పంకా ఆ వేడినే తిప్పితిప్పి మొహాన కొడుతోంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చేతిలోని పత్రికను విసనకర్రలా ఊపుకుంటూ, నా వైపు చూసి తల ఊపాడు. దేశం కాని దేశంలో నన్ను తనవాడిగా లెక్కపెట్టిన మొదటి మనిషి ఆయనే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రెడ్‌బర్డ్స్ ఆఖరిసారి నడిచింది 2003 నవంబరు 3న. అప్పటికి నీకు ఏడాది నిండింది. నిన్ను ఎత్తుకుని, ఫ్లషింగ్ ఉన్న క్వీన్స్ ప్రాంతంలో ఒక స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ రైలు వెళ్లిపోయేదాకా చూశాను. దానికి నువ్వు చెయ్యి ఊపావు; అంతకుముందు ప్రతి రైలుకూ ఊపినట్టే.

ఇక వాటిని ఏం చేశారన్నది. మన్‌హట్టన్ ఉత్తరపు కొసన 207వ వీధిలో సబ్‌వే వారి పెద్ద యార్డు ఉంది. అక్కడ ఒక్కో పెట్టె నుంచి తలుపులు, అద్దాలు, సీట్లు ఊడదీశారు. కింది చక్రాల చట్రాలు విప్పేశారు. గ్రీజు, నూనె మరకలు మిగలకుండా ఆవిరితో కడిగారు. తరువాత వాటిని బార్జ్ అనే చదునైన సరుకు పడవ మీద వరసగా పేర్చి సముద్రంలోకి లాక్కుని వెళ్లి, ముందే నిర్ణయించిన చోట ఒక్కొక్కదాన్ని యంత్రంతో అంచు మీద నుంచి నెట్టారు. కిటికీలు, తలుపులు తీసేసింది ఊరికే కాదు: నీళ్లు వెంటనే నిండి పెట్టె తేలకుండా మునగాలి, మునిగాక లోపల నీరు నిలవ ఉండకుండా అటూ ఇటూ పారుతూ ఉండాలి, లేకపోతే అక్కడ ప్రాణులు బతకడం కష్టం. మొదటి పెట్టెలు దిగింది 2001 ఆగస్టులో, నువ్వు వెళ్లబోతున్న చోటనే. ఇండియన్ రివర్ ఇన్‌లెట్ నుంచి దాదాపు 16 నాటికల్ మైళ్ల దూరంలో, 80 అడుగుల పైచిలుకు లోతులో. 2010 దాకా ఇలా న్యూజెర్సీ మొదలుకొని జార్జియా వరకు పలు రాష్ట్రాల తీరాల్లో దించినవి 2,500 పైమాటే. నీ డెలావేర్ రీఫ్‌లో ఉన్నవి ఏడు వందల పైమాటే.

నీ అనుమానంలో సగం నిజం ఉందని ముందుగా ఒప్పుకుంటాను. ఈ పని చేపలను ఉద్ధరించాలన్న కోరికతో మొదలవలేదు. రెడ్‌బర్డ్ పెట్టెల నేలలోనూ గోడల్లోనూ ఆస్‌బెస్టాస్ అనే పీచు ఖనిజం కొంత ఉంది. నేల మీద వాటిని ముక్కలు చేసి పాత ఇనుముగా అమ్మాలంటే, ముందు దాన్ని జాగ్రత్తగా తీయించాలి. అది చాలా ఖర్చుతో కూడిన పని. సముద్రంలో దించితే ఆ ఖర్చు తప్పుతుంది. ఆస్‌బెస్టాస్ ప్రమాదకరమయ్యేది దాని పొడి గాలిలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్లినప్పుడు. జిగురులో బిగిసిపోయి నీటి అడుగున ఉన్నది ఆ హాని చేయదని అమెరికా పర్యావరణ సంస్థ సమ్మతించింది. అయినా పర్యావరణవాదుల్లో కొందరు దీన్ని వ్యతిరేకించారు. వారు అడగడం మంచిదైందనే నా అభిప్రాయం. ఎవరూ అడ్డు ప్రశ్న వేయకపోతే ఆ శుభ్రం చేసే పని ఎంత శ్రద్ధగా జరిగేదో!

మిగతా సగం నిజం అడుగున ఉన్న ఇసుకలో ఉంది. ఆ తీరంలో సముద్రపు అడుగు మైళ్ల తరబడి చదునైన ఇసుక, బురద. మస్సెల్ అనే ఆల్చిప్పల పిల్లలు నీటిలో కొట్టుకుని వచ్చినా, పట్టుకుని నిలవడానికి అక్కడ ఒక రాయి కూడా ఉండదు. అలాంటి చోట యాభై అడుగుల ఇనుప పెట్టె వచ్చి పడితే, దాని పైకప్పు, లోపలి గోడలు, బయటి గోడలు, కిటికీల అంచులు అన్నీ వాటికి నేలే. దారాల వంటి పోగులతో అవి ఆ ఇనుమును పట్టుకుంటాయి. వాటి మీద స్పాంజి జీవులు, వాటి సందుల్లో చిన్న పీతలు, పురుగులు చేరతాయి. ఆ ఆల్చిప్పలను పళ్లతో పటపట నలిపి తినే టౌటాగ్ చేపలు వస్తాయి. నీడనూ చాటునూ కోరుకునే బ్లాక్ సీ బాస్ వచ్చి తలుపు సందుల్లో కాపురం పెడతాయి. మొదటి పెట్టెలు దిగిన ఏడేళ్లకు, చదరపు అడుగుకు దొరికే ఆహారం చుట్టుపక్కల ఉన్న వట్టి ఇసుక కంటే 400 రెట్లు పెరిగిందని డెలావేర్ అధికారులు లెక్క చెప్పారు. బ్లాక్ సీ బాస్‌లో ఎక్కువ భాగం ఆడచేపలుగా పుట్టి, పెరిగాక కొన్ని మగవిగా మారతాయని నువ్వే నాకు చెప్పావు. గుడ్లు పెట్టే కాలంలో మగచేప తల మీద నీలిరంగు బుడిపె లేస్తుందని కూడా అన్నావు. అది చూడాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

అయితే దించిన ప్రతి వస్తువూ రీఫ్ కాలేదు. నీకు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. రెడ్‌బర్డ్స్ అయిపోయాక, 1960లలోనే తయారైన స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలను దించడం మొదలుపెట్టారు. తుప్పు పట్టని లోహం కదా, ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. జరిగింది వేరు. రెడ్‌బర్డ్స్ మందమైన మామూలు ఉక్కు. ఇవి సన్నని రేకులను చుక్కల వెల్డింగ్‌తో చట్రానికి అతికించినవి. ఉప్పునీటిలో, కెరటాల ఊపులో ఆ అతుకులు వీడిపోయాయి. 2008లో న్యూజెర్సీ వారు అట్లాంటిక్ సిటీ దగ్గర 48 పెట్టెలు దించి, కొన్ని నెలల తరువాత మనుషులను పంపి చూస్తే, చాలా పెట్టెలు కుప్పకూలి ఉన్నాయి. ఉచితంగా వస్తున్న వందల పెట్టెలు ఇంకా వరసలో ఉన్నా, వారు ఇక వద్దన్నారు. ఆ వద్దనడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. దించి చేతులు దులుపుకుని ఉంటే, ఆ పెట్టెలు నిలబడే ఉన్నాయని కాగితం మీద ఇప్పటికీ రాసి ఉండేది.

ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర అలాగే జరిగింది. 1970లలో అక్కడ ఇరవై లక్షల దాకా పాత టైర్లను కట్టలు కట్టి రీఫ్ పేరుతో దించారు. కట్లు తెగిపోయాయి. తుఫానులు వచ్చినప్పుడల్లా ఆ టైర్లు దొర్లుకుంటూ పోయి పక్కనున్న నిజమైన పగడపు దిబ్బలను రాచేశాయి. చేసిన వారి ఉద్దేశం మంచిదే అయినా, ఆ తప్పును సరిదిద్దే పని మొదలయ్యేసరికి దశాబ్దాలు గడిచాయి. చివరికి డైవర్లు దిగి ఆ టైర్లను పైకి తీయవలసి వచ్చింది.

కాబట్టి అది చెత్తో కాదో బార్జ్ మీద నుంచి తోసిన రోజున తేలేది కాదు. రెడ్‌బర్డ్స్ సముద్రంలో ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్లు నిలుస్తాయని అప్పట్లో అంచనా వేశారు. 2001లో దించిన వాటికి ఆ గడువు ఇప్పుడు వచ్చింది. సరిగ్గా ఆ సమయానికి నువ్వు దిగుతున్నావు. పైకప్పు ఎక్కడ కుంగిందో, ఏ పెట్టె పక్కన ప్రవాహం ఇసుకను తొలిచి గుంట చేసిందో, ఏ గోడ ఇంకా నిలిచి ఉందో రాసుకో. చేపలు కనిపించని పెట్టె గురించి కూడా అంతే వివరంగా రాయి. ఇక్కడ చేపలు నిజంగా పెరుగుతున్నాయా, లేక వేరే చోట ఉండవలసినవి ఒక్కచోట గుమికూడి గాలానికి సులువుగా దొరుకుతున్నాయా అన్న వాదం ఇంకా ఉంది. గాలం వేసే పడవలు ఏడాదికి వేలసార్లు అక్కడికి వస్తాయని నీకు తెలుసు. నాకు తోచినంతలో రెండూ జరుగుతున్నాయి. ఆల్చిప్పలు మాత్రం వేరే చోటి నుంచి నడిచి రాలేదు, అవి ఆ ఇనుమును పట్టుకుని అక్కడే పెరిగాయి. చేపల సంగతి మీ లెక్కలు చెప్పాలి.

ఇక తండ్రిగా ఒక మాట. అడుగున నీరు చల్లగా ఉంటుంది, వెలుతురు తక్కువ, తెగిన గాలం తీగలు పెట్టెలకు చుట్టుకుని ఉంటాయి. నడుముకు కత్తి లేకుండా దిగవద్దు. జోడీ డైవర్‌ను వదలవద్దు. ఎంత అందంగా కనిపించినా పెట్టె లోపలికి వెళ్లవద్దు; అరవై ఏళ్లు దాటిన ఇనుము అది. బయట నుంచే దీపం వేసి చూడు.

అలా చూసేటప్పుడు నాకోసం ఒక పని చెయ్యి. తలుపు పక్కన సీటు మొదలయ్యే ముందు ఒక చిన్న మూల ఉండేది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు నేను ఎప్పుడూ అక్కడే, గోడకు భుజం ఆనించి నిలబడేవాడిని. సీట్లు తీసేశారు కానీ ఆ మూల ఉండే ఉంటుంది. నేను ఎక్కిన పెట్టే కానక్కరలేదు, ఏదైనా ఒకటి చాలు. ఆ మూలలో ఇప్పుడు ఎవరు ఉంటున్నారో చూసి రాయి.

ప్రేమతో,
నాన్న