కప్పస్తంభం దగ్గర కలిసిన పెద్దమ్మకి

పోయిన కార్తీకంలో సింహాచలం. మా పదహారేళ్ల బాబుని కప్పస్తంభం కౌగిలించుకోమని బతిమాలుతున్నాను. ఎవరో చెవిలో తిడుతున్నారంటూ వాడికి రెండు నెలలుగా నిద్ర లేదు. గాలి సోకిందని మేం తాయెత్తులు కట్టించాం, ఉపవాసాలున్నాం.

వెనక నిలబడ్డ మీరు వాడి చెయ్యి పట్టుకుని "భయమేస్తోందా నాన్నా?" అన్నారు. ఆ మాట అంతవరకూ మేమెవరం అడగలేదు. వాడు అక్కడే ఏడ్చేశాడు.

"అప్పన్నకి మొక్కు తల్లీ, డాక్టరుకీ చూపించు" అంటూ పులిహోర పొట్లం మీద 14416 అని ఫోన్ నంబరు రాసిచ్చారు. టెలీమానస్ అట, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు, పైసా అడగలేదు. వాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్లాం.

ఇప్పుడు సంధ్యాదీపం పెట్టాక వాడికి మాత్ర ఇస్తున్నాను. నిద్రపోతున్నాడు పెద్దమ్మా. మీ పేరైనా అడగలేదు. మీకు శతకోటి దండాలు.